అతుకుల చిత్రములు, ఊరి చరిత్ర



నేడు నేను చెప్పబోవునది చిత్రకళలోని యొక శాఖను గురించి. ఇంగ్లీషు చదివినవారు దానిని కొలాజ్ అందురు. అంటించుట యను నర్థముగల ఫ్రెంచి మాటనుండి యా పేరు పుట్టినది. కాగితపు తునకలు, గుడ్డపీలికలు, చీట్లు మొదలగు వానిని ఒక పలకమీద కూర్చి యంటించి, వాని మేళనమువలన నొక చిత్రమును కలిగించుట దీని స్వరూపము. నేను దీనిని అతుకుల చిత్రము అని పిలిచెదను. పాత చీరలు, పంచెలు చేర్చి కుట్టిన బొంతను ఎరుగనివారు మనలో లేరు. ఆ బొంతను పరచినప్పుడు ఇంటి ముదుసలి యొక్కొక్క ముక్కను చేతితో తాకి, ఇది మీ యమ్మ పెండ్లిచీర, ఇది మీ నాయన తిరునాళ్లకు కట్టిన పంచె యని చెప్పుచుండును. కప్పుకొనునప్పుడు అది బొంత. ఆమె చెప్పుచున్నప్పుడు అది యా యింటి చరిత్ర. నా ప్రసంగమునకు మూలమైన భావ మిదియే.

ఈ కళ కుర్రకారు వేడుక యని కొందఱు తలపవచ్చును. కాదు. ఇంగ్లాండు దేశమున మేరీ డిలేనీ యను నొక వితంతువు 1772వ సంవత్సరమున, తన డెబ్బదిరెండవ యేట, ఎఱ్ఱకాగితపు ముక్క యొకటి తన దాపున నున్న పూవురేకు వన్నెతో సరిపోవుట చూచి, కాగితమును కత్తిరించి యా పూవును నల్లని కాగితముమీద నంటించినది. అది మొదలు పదియేండ్లు, కన్నులు మసకబారువరకు, ఆమె యీ పనిని విడువలేదు. అట్లు ఆమె చేసిన పుష్పచిత్రములు 985. అవి నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియమున భద్రముగా నున్నవి. ఇందు గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఆ మహాసాధ్వి చిత్రమును ముగించి యూరకుండలేదు. దాని వెనుకవైపున మొక్క పేరును, చిత్రమును చేసిన తేదీని, చోటును, ఆ మొక్క యెవరియొద్దనుండి వచ్చినదో వారి పేరును వ్రాసి పెట్టినది. ఈ వెనుకవైపు వ్రాతను గురించి మరల చెప్పెదను, మనస్సున నుంచుకొనుడు.

తరువాత నూటనలువదియేండ్లకు, 1912లో, పారిసు నగరమున పికాసో యను చిత్రకారుడు పేము కుర్చీ యల్లిక యచ్చువేయబడిన మైనపుగుడ్డను పటములో నంటించి, పటమునకు చట్టముగా త్రాటిని చుట్టెను. అప్పటినుండి యీ పద్ధతి చిత్రకారులలో గౌరవమును పొందినది. జర్మనీ దేశమున కుర్ట్ ష్విట్టర్స్ అను నాతడు మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1919 ప్రాంతమున, ట్రాము టిక్కెట్లు, పొట్లముల కాగితములు, చెక్కపేళ్లు ఏరుకొని యతుకుల చిత్రములను చేయసాగెను. లోకమంతయు పగిలి ముక్కలైనప్పుడు ఆ ముక్కలతోనే క్రొత్తదానిని కట్టవలయునని యాతని యభిప్రాయము. హిట్లరు పాలనలో దేశమును విడిచి, 1937లో నార్వేకును, 1940లో ఇంగ్లాండునకును పారిపోయెను. హనోవరు నగరమున నాతడు తన యింటిలోనే యేండ్లతరబడి పెంచిన నిర్మాణము 1943లో బాంబులచే నాశమయ్యెను. అయినను పోయినచోటనెల్ల నేలమీది చీటీని వంగి తీసికొనుట మాత్రము మానలేదు.

మన దేశమున నింతకంటె నాశ్చర్యమైన యుదాహరణము కలదు. శాంతినికేతనమున వినోద్ బిహారీ ముఖర్జీ యను గొప్ప చిత్రకారు డుండెను. ఆయన 1904లో జన్మించెను. పుట్టుకనుండియు దృష్టి బలహీనము. 1957లో శస్త్రచికిత్స జరిగిన పిమ్మట చూపు పూర్తిగా పోయినది. గోడలమీద మహాచిత్రములు వ్రాసిన చేయి అంతటితో నాగవలసినదే యని యెవరైనను తలతురు. ఆయన రంగుకాగితములను కత్తిరించి, వ్రేళ్లతో తడవి చూచుకొనుచు అతికి, బొమ్మలను చేసెను. 1980లో కీర్తిశేషుడగువరకు ఆయన కళ యారిపోలేదు. కన్ను లేనివానికి సైతము అందుబాటైన కళ యిది యనుటకు వేఱు సాక్ష్యమేల?

ఇక దీనినుండియే పుట్టిన మఱియొక విధమును చెప్పెదను. పలకమీద కాగితములను కూర్చుటకు బదులు, ఒక గదిలోనో హజారములోనో వస్తువులనే కూర్చి, చూడవచ్చినవారు వాని నడుమ తిరుగునట్లు చేయుట. దీనిని ఇన్‌స్టలేషన్ అందురు. పేరు క్రొత్తదేగాని పని మనకు క్రొత్తది కాదు. మన యాడబిడ్డలు పండుగలకు మెట్లు కట్టి పెట్టు బొమ్మలకొలువు దీనికి దగ్గఱి చుట్టమే. కావున నేను దీనిని వస్తువుల కొలువు అందును. ఇటీవలి కాలమున కొందఱు కళాకారులు చరిత్రను చెప్పుటకు ఈ కొలువును వాడుచున్నారు.

వివాన్ సుందరం అను కళాకారుడు, 1943లో జన్మించి 2023లో దివంగతుడైనవాడు, 1998లో కలకత్తా విక్టోరియా స్మారకభవనపు దర్బారు హాలులో వంగదేశపు చరిత్రను గోనెసంచులు, రైలుపట్టాలు మొదలగు వస్తువులతో కొలువుదీర్చెను. రాణి పేర కట్టిన పాలరాతి మేడలో గోనెసంచి వచ్చి కూర్చుండుట యెంత యర్థవంతమో పెద్దలు మీరే గ్రహింపగలరు. మరల 2012లో కొచ్చి నగరపు ప్రదర్శనమునకై ఆయన కేరళమునందలి పట్టణం అను గ్రామపు త్రవ్వకములలో దొరకిన పెంకులను తీసికొనెను. అవి పురావస్తు పండితులు తమకు పనికిరావని విడిచిన పెంకులు. వానిని నేలమీద పేర్చి యొక ప్రాచీన నగరమువలె కూర్చి, మిరియములను చేర్చి, దానికి నల్ల బంగార మని పేరు పెట్టెను. రోమను నావలు మిరియములకై వచ్చిన రేవు చరిత్ర, పగిలిన కుండపెంకుల నోట పలికినది.

ఇచట నొక పూర్వపక్షము రాదగును. ఆళ్లగడ్డ వాస్తవ్యులే దానిని చేయగలరు. "అయ్యా! మా యూరిలో శిల్పులు కలరు. తలమానము లెక్కించి, ఉలి సుత్తి పట్టి, నల్లరాతినుండి దేవతామూర్తులను చెక్కుచున్నారు. మా రాతిపనికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. శాస్త్రమున్న యా పనియెక్కడ, పారవేసిన కాగితములు అంటించు పనియెక్కడ?" అని వా రడుగవచ్చును.

న్యాయమైన ప్రశ్న. ఆళ్లగడ్డ శిల్పిముందు చేతులు జోడించువారిలో నేను మొదటివాడను. మూర్తికి ముఖము ఒక తాళము, దానినిబట్టి తక్కిన యంగములు, అని వారికి వంశక్రమమున వచ్చిన లెక్క కలదు. శిల్పి రాతిలో నక్కరలేనిదానిని తీసివేయును. అతుకులపని చేయువాడు లోకము అక్కరలేదని తీసివేసినదానిని ఏరుకొనును. శిల్పి చేతిలో దైవము నిలుచును. సామాన్యుడు తిన్నది, కట్టినది, అప్పు చేసినది, తీర్చినది ఏ రాతిమీద నెవరు చెక్కుదురు? అది చీట్లలోను, ఆకులలోను, గుడ్డలలోను మాత్రమే యుండును. వానిని కూర్చుటకే యీ కళ. రెండింటికిని తగవు లేదు.

మఱియు ఈ పద్ధతి మన సీమకు పరాయిది కాదని నిరూపించెదను. 1800వ సంవత్సరమున నిజాము మన జిల్లాలను ఇంగ్లీషు కుంపిణీకి ధారపోసెను. తరువాత కాలిన్ మెకంజీ యను సర్వేయరు తన మనుష్యులను పల్లెలకు పంపి, కరణముల నోటిమాటలు, శాసనముల నకళ్లు, దేవాలయపు లెక్కలు ప్రోగుచేయించెను. ఈ కార్యమున ఆతనికి కుడిభుజములైనవారు తెలుగువారే, కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను సోదరులు. అట్లు పోగైనవే మన కైఫీయతులు. ఒక కైఫీయతును చదివి చూడుడు. కరణము చెప్పిన దొక ముక్క, శాసనము చెప్పిన దొక ముక్క, ముసలివారు చెప్పుకొను కథ యొక ముక్క. ఒకదాని ప్రక్క నొకటి చేర్చి కుట్టిన బొంత యది. మన పూర్వులు ఆనాడు అడిగినవానికి ఓపికతో చెప్పినందుననే నేడు ఎన్నియో పల్లెలకు చరిత్ర యున్నది. చెప్పనివారి పల్లెలకు లేదు.

ఇక మన సమీపపు చరిత్రకే వచ్చెదము. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి పేరు వినని బిడ్డ మన జిల్లాలో లేడు. 2019లో సినిమా వచ్చినపిమ్మట వారి పేరు దేశమంతయు తెలిసినది. సంతోషమే. కాని మా వీధిలోని పిల్లవాని నడిగిన, నరసింహారెడ్డి ముఖ మెట్లుండునో తనకు తెలియునని, నటుని ముఖమును వర్ణించును. 1847 నాటికి మన పల్లెలకు ఫోటో తీయు యంత్రము రాలేదు. మనము ఆయనదని యనుకొను ముఖము తరువాతివారి యూహ. అట్లయిన ఆయన చరిత్రను నిజము తప్పకుండ కొలువుదీర్చుట యెట్లు?

నేనైన నిట్లు చేయుదును. ఒక బడిగదిని తీసికొందును. గోడకు ముఖచిత్రమును పెట్టను. ఒక బల్లమీద 11 రూపాయల 10 అణాల 8 పైసల నాణెముల నుంతును. అది ఆయనకు నెలకు రావలసిన భరణము. దానికై పంపిన మనిషిని ఖజానాలో అవమానించి త్రిప్పి పంపిరి. రెండవ బల్లమీద 805 రూపాయల 10 అణాల 4 పైసలని వ్రాసిన కాగితము నుంతును. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానానుండి తిరుగుబాటుదారులు తీసికొనిన మొత్తమది. గోడమీద మూడు సంఖ్యలను మాత్రము వ్రాయింతును. నేరము మోపక విడిచినవారు 412. జామీనుపై విడువబడినవారు 273. శిక్షింపబడినవారు 112. వీరందఱును మన యూళ్ల రైతులు, కట్టుబడివారు, వారి బంధువులు. గది చివర పైకప్పునుండి ఒక ఖాళీ యినుప పంజరమును వ్రేలాడగట్టుదును. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నురిదీయబడిన యా వీరుని శిరస్సును మూడు పదుల యేండ్లు, 1877 వరకు, కోటగోడకు వ్రేలాడగట్టి యుంచిరి. పంజరమును చూచిన బిడ్డ ఏమియు చెప్పకయే తల యెత్తి నిలుచును. తెలియని ముఖమును కల్పించుటకంటె తెలిసిన పంజరమును ఖాళీగా వ్రేలాడగట్టుట మేలు. చరిత్రలో నున్న సందును అబద్ధముతో పూడ్పరాదు.

మఱియొకటి చెప్పెదను. రాయలసీమ యను పేరు మన నంద్యాలలోనే స్థిరపడినది. 1928 నవంబరులో ఇచట జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు దత్తమండలము లను దైన్యపు పేరునకు బదులుగా ఈ పేరును సూచించిరి. ఆ సభకు బండ్లు కట్టుకొని వచ్చిన రైతులు కొందఱైన నుందురు గదా! వారి యిండ్ల అటకలమీద ఆనాటి చీటీ యేదైన నున్నదా? పెట్టె నెవరైన తెఱచి చూచితిరా? ఇది నేను మిమ్ము నిందించి యడుగుట కాదు. నిందకు మొదట పాత్రుడను నేనే. అదెట్లో చెప్పెదను.

మా యింట తాటాకు కట్టలుండెడివి. నేను సంస్కృతాంధ్రములు గురుముఖమున చదివి, బడిపంతులనై నంద్యాలలో కాపురముండగా, పల్లెలోని యిల్లు విప్పవలసివచ్చినది. సుమారు ముప్పదియైదేండ్ల క్రిందటి మాట. కట్టలకు చెదలు పట్టినవి. పైన నున్న రెండుమూడు ఆకులు చూచితిని. కావ్యము కాదు, శాస్త్రము కాదు, గింజల లెక్కలు. జీర్ణించిన గ్రంథమును నదిలో విడుచుట యాచార మని చెప్పి, ఆ కట్టలనన్నిటిని కుందూ నదిలో విడిచితిని. విడిచి స్నానము చేసి, పుణ్యము చేసినవానివలె ఇంటికి వచ్చితిని.

ఒక్క యాకు మాత్రము నా పంచాంగములో గుర్తుగా పెట్టుకొన్నందున మిగిలినది. ఉద్యోగము మానినపిమ్మట తీరికగా దానిని చదివితిని. అది ధాత కరువు నాటిది. 1876 మొదలు 1878 వరకు మన సీమను ఊచకోత కోసిన మహాక్షామమది. మా తాతగారి తాతగారు ఎవరెవరికి ఎన్ని తూములు జొన్నలు, ఎన్ని పడులు కొఱ్ఱలు బదులిచ్చినది అందు వ్రాసియున్నది. పదునేడు పేర్లు. కావ్యము కాదని నేను త్రోసివేసినదానియందు ఒక యూరు ఆకలిగొన్న విధము వ్రాసియుండెను.

నాటినుండి నేను రోజున కొక ముక్క అతుకుట మొదలుపెట్టితిని. ఆ యాకును ముట్టలేదు. అసలు పత్రమునకు జిగురు తాకింపరాదు. దానికి జిరాక్సు తీయించి పలక నడుమ నంటించి, చుట్టును ఆ యూరికి సంబంధించిన తునకలను చేర్చుచు వచ్చితిని. పాత పన్ను రసీదు నకలు, జొన్నకంకి ఊక, మగ్గపుగుడ్డ పీలిక, ఎండిన బావినిగూర్చిన పత్రికావార్త. ఉదయము సంధ్య వార్చుకొని, కాఫీ చల్లారులోపల ఒక ముక్క. అంతే. డిలేనీయమ్మవలె ప్రతిముక్క వెనుకను ఎక్కడిది, ఎన్నటిది, ఎవరిచ్చినది యని వ్రాయుచున్నాను.

పోయిన సంవత్సరము ఆ పలకను పల్లెకు తీసికొనిపోయి రచ్చబండమీద నానించి, ప్రక్కన ఒక తూమును, పడిని పెట్టితిని. అదియే నా కొలువు. ఎనుబదియేండ్ల రైతొకడు వచ్చి, మనుమనిచేత పేర్లను చదివించుకొనెను. తొమ్మిదవ పేరుకడ ఆగుమనెను. "అది మా జేజినాయనకు జేజినాయన పేరు" అనెను. చాలసేపు మాటలాడలేదు. తరువాత నావైపు చూచి, "అయ్యవారూ, ఆ గింజలు మావాళ్లు తిరిగిచ్చినారా?" అని యడిగెను.

శ్రోతలారా! ఆ ప్రశ్నకు సమాధానము తరువాతి యాకున నుండియుండవచ్చును. ఆ యాకును నేను నా చేతులార కుందూలో విడిచితిని. తెలియదని యాతనికి చెప్పితిని. ఇచ్చియే యుందురని చెప్పుట సులభము, వినుట కింపు. కాని నాకు తెలియనిదానిని చెప్పుటకు నోరు రాలేదు. మరునాడు ఆతడు ఒక పడి కొఱ్ఱలు తెచ్చి పలకముందు పోసి వెళ్లెను. నేను దానికి కూడ చీటీ వ్రాసి పెట్టితిని.

కావున పెద్దలకు నా విన్నపము మూడు మాటలు. ఇల్లు విప్పునప్పుడు, అటక దింపునప్పుడు, ఏ కాగితమును ఏ యాకును చదివించకుండ పొయ్యిలోను ఏటిలోను వేయకుడు. అసలును పొడిగుడ్డలో చుట్టి దాచుడు, నకలును మాత్రమే యతుకుడు. ప్రతిముక్క వెనుక ఎక్కడిది, ఎన్నటిది, ఎవరిచ్చినది వ్రాయుడు. మీ చేయి వణకినచో మనుమరాలిచేత వ్రాయించుడు. రోజున కొక ముక్క చాలును. ఏడాది తిరుగునప్పటికి సంక్రాంతినాడు బడిలో నొక కొలువు పెట్టుటకు అవి సరిపోవును. సందున్నచోట సందు నట్లే యుంచుడు. రేపు మఱియొకరి పెట్టెలో దానికి సరిపడు ముక్క దొరకవచ్చును.

ఆళ్లగడ్డ శిల్పులు మన దేవతలను నిలుపుచున్నారు. మన తాతలను నిలుపుట మన పని. సెలవు.